అవగాహన లేనిది ఎవరికి? (మాటకు మాట – 17)

అక్టోబర్ వస్తే నగరం గులాబీ రంగు పూసుకుంటుంది. చార్మినార్ మీద గులాబీ లైట్లు పడ్డ రాత్రులు చూశాం. ట్యాంక్‌బండ్ పక్కన నడకలు, కాలేజీల్లో రిబ్బన్లు, ఆఫీసుల్లో సెల్ఫీలు. ప్రతి సభలో ఒక వక్త, ప్రతి వక్త నోట ఒకటే వాక్యం: "మన మహిళల్లో అవగాహన లేదు. అందుకే రొమ్ము క్యాన్సర్ ముదిరాక ఆసుపత్రికి వస్తున్నారు."

ఈ వారం ఆ ఒక్క వాక్యంతోనే నా పేచీ.

మిత్రులారా, ఈ వాక్యం మనకు కొత్త కాదు. మన పిల్లలు బడి మానేస్తే "వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అన్నారు. మన వాడలో మురుగు నిలిస్తే "వీళ్లకు శుభ్రత తెలియదు" అన్నారు. బడి ఎంత దూరం, పైపులైను ఎక్కడిదాకా వేశారు అని అడగాల్సిన చోట మన బుద్ధి మీద తీర్పు చెప్పారు. ఇప్పుడు అదే తీర్పుకు గులాబీ చొక్కా తొడిగారు, అంతే. తప్పు ఆడమనిషి మీద పడుతుంది. యంత్రం కొననివాడు, కొన్నదాన్ని నడపనివాడు, రేడియాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంచినవాడు సభలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాడు.

లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది సుమారు 98,000 మంది దానితో చనిపోయారు. అమెరికాలో అదే ఏడాది కేసులు మనకంటే ఎక్కువ. చావులు మాత్రం మన చావుల్లో సగం కూడా లేవు. జబ్బు ఒకటే, మందులూ చాలావరకు అవే. తేడా ఎక్కడుంది? ఎప్పుడు కనిపెట్టారు, కనిపెట్టాక ఎన్ని రోజుల్లో వైద్యం మొదలైంది, మొదలైంది పూర్తయిందా లేదా అన్న దగ్గర ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో ఒక పద్ధతి రాసుకుంది. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి మహిళకూ ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చెయ్యాలి. మామోగ్రామ్ కాదు, శిక్షణ పొందిన కార్యకర్త చేత్తో తాకి చూసే పరీక్ష. 2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 జరిగింది. 30–49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు అని అడిగారు. దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు.

ఇప్పుడు చెప్పండి, ఆ 99 మందికి అవగాహన లేదా? చేస్తానని కాగితం మీద రాసి చెయ్యనివాడికి లేదా?

*

ఈ "అవగాహన" ఎంత పని చేస్తుందో చెప్పే లెక్క కూడా మన దేశంలోనే ఉంది. పెద్ద లెక్క. జాగ్రత్తగా చదవండి.

1998లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు అక్కడి పేదల బస్తీల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న లక్షా యాభై వేలకు పైగా మహిళల్ని రెండు గుంపులు చేశారు. మొదటి గుంపులో 75,360 మంది. వాళ్లకు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేశారు, ప్రతిసారీ జబ్బు గురించి చెప్పారు. రెండో గుంపులో 76,178 మంది. వాళ్లకు పరీక్ష లేదు. ఒక్కసారి అవగాహన కల్పించి, ఆ తర్వాత ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరు చనిపోయారు అని ఇరవై ఏళ్లు లెక్క రాసుకున్నారు.

ఫలితం 2021లో బీఎంజే పత్రికలో వచ్చింది. పరీక్ష చేసిన గుంపులో మూడు, నాలుగు దశల్లో బయటపడ్డ క్యాన్సర్లు 37 శాతం. అవగాహన మాత్రమే ఇచ్చిన గుంపులో 47 శాతం. యాభై ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో చావులు తగ్గినట్టు రుజువు కాలేదు. అన్ని వయసులూ కలిపి చూస్తే 15 శాతం తగ్గుదల కనబడింది గానీ, అది గట్టి రుజువు కిందికి రాదని పరిశోధకులే రాశారు.

అంటే ఏమిటి? అవగాహన ఒక్కటే ఇస్తే ఏమవుతుందో ఇరవై ఏళ్లు చూశారు. ఆ గుంపు ఓడిపోయింది. చెయ్యి తాకిన గుంపు గెలిచింది. ఈ సంగతి పత్రికల్లో అచ్చయ్యాక కూడా ప్రతి అక్టోబర్‌లో మనకు పంచేది అవగాహనే. రిబ్బన్ పంచి, కరపత్రం చేతిలో పెట్టి, పరీక్ష చెయ్యకుండా పంపిస్తున్నారంటే మనల్ని ఆ రెండో గుంపులో నిలబెడుతున్నారన్నమాట. తేడా ఒకటే. అక్కడ ఎవరు పోయారో లెక్క రాశారు. ఇక్కడ ఆ లెక్క కూడా లేదు.

ఆ రెండో గుంపు ఆడవాళ్లను తలచుకోండి. వాళ్లూ బస్తీ మహిళలే. దేశంలో అసలు స్క్రీనింగే లేనప్పుడు మేం ఎవరి దగ్గర్నుంచీ ఏమీ లాక్కోలేదు కదా అన్నది ఇలాంటి ప్రయోగాలకు చెప్పే సమర్థన. పేదవాడికి ఏమీ ఇవ్వకపోవడమే మామూలు స్థితి అయితే, ఆ మామూలు స్థితి మీద ఏ ప్రయోగమైనా చేసుకోవచ్చు!

మన ఊరికి ఈ కథ కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బేగంపేటలో ఆయన పేరు మీద భవనం ఉంది. ఆ దోమల చేత కుట్టించుకున్న మలేరియా రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆయన పేరు మీద భవనం లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో సర్వికల్ క్యాన్సర్ టీకా పరిశీలన పేరుతో వేలాది మంది ఆడపిల్లలకు సూదులు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అనుమతుల తీరును తప్పుపట్టింది. టీకా చెడ్డదని నా వాదన కాదు. టీకా మంచిదే. ఆ పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలు చెప్పాయి కూడా. నేను అడిగేది వేరు. విజ్ఞానానికి ఒళ్లు కావాల్సినప్పుడు దారి మన గుడిసె దాకా వస్తుంది. ఆ విజ్ఞానం పనిముట్టుగా మారాక మన గుడిసె దాకా ఎందుకు రాదు?

*

సరే, పనిముట్ల దగ్గరికే వద్దాం. స్టూడెంట్ మిత్రులు చాలామందికి ఇవేమిటో ఎవరూ సరిగా చెప్పలేదు. చెప్పే బాధ్యత తీసుకుంటున్నాను.

మామోగ్రామ్ అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి, ఒక్కో రొమ్ముకు రెండు కోణాల్లో తీస్తారు. కాసేపు నొప్పిగా ఉంటుంది. చేతికి తగిలే గడ్డ ఏర్పడకముందే, సున్నం చుక్కల్లాంటి సన్నటి మచ్చల్ని కూడా అది పట్టుకోగలదు. అదే దాని బలం. బలహీనత ఇది: ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా కనిపిస్తుంది, పాలగ్రంథుల కణజాలం తెల్లగా కనిపిస్తుంది, క్యాన్సరూ తెల్లగానే కనిపిస్తుంది. వయసులో ఉన్న స్త్రీ రొమ్ము గట్టిగా, గ్రంథులతో నిండి ఉంటుంది. తెలుపులో తెలుపును వెతకడం కష్టం. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పడమటి దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందుగా కనిపిస్తుంది. అందుకే అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ పరిస్తే సరిపోదు.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. నీటి గడ్డా, గట్టి గడ్డా అన్నది అది చెబుతుంది. ముప్పై లోపు అమ్మాయికి గడ్డ తగిలితే మొదట చేసేది అదే. నలభై దాటినవాళ్లకు మామోగ్రామ్, దానికి తోడు అల్ట్రాసౌండ్. ఎంఆర్‌ఐ ఖరీదైనది, గాడోలినియం అనే రంగుమందు ఎక్కించి తీస్తారు. వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు అది అవసరం. టోమోసింథసిస్ అనేది పొరలు పొరలుగా తీసే మామోగ్రామ్. ఇవేవీ "క్యాన్సర్ ఉంది" అని తేల్చవు. అనుమానాన్ని చూపిస్తాయి. తేల్చేది సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ. చేతి పరీక్ష, ఇమేజింగ్, బయాప్సీ మూడూ కలిస్తేనే ఒక పరీక్ష పూర్తయినట్టు. మూడింటిలో ఒకటి మాత్రమే చేసి "పరీక్ష చేశాం" అనేవాళ్లని నమ్మకండి.

ఈ మామోగ్రఫీకి పునాది వేసినవాడి కథ మనవాళ్లు తెలుసుకోవాలి. బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ 1913లో, కోసి తీసిన సుమారు మూడు వేల రొమ్ములకు ఎక్స్‌రే తీసి, క్యాన్సర్ ఎలా కనిపిస్తుందో మొదటిసారి రాశాడు. ఆయన యూదుడు. 1933లో నాజీలు ఉద్యోగం తీసేశారు. 1938లో సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆయన కూతురు, చిత్రకారిణి షార్లెట్ సాలమన్‌ను 1943లో ఆష్విట్జ్‌లో చంపేశారు. పుట్టుకను బట్టి మనిషిని వెలివేసే సమాజం తన ప్రాణాలు కాపాడే జ్ఞానాన్ని కూడా వెలివేస్తుంది. దీన్ని మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

*

ఇక అసలు విషయం. బస్తీల్లో ఇప్పుడు కొత్త క్యాంపులు నడుస్తున్నాయి. వేడిని ఫొటో తీసే కెమెరాలు తెస్తున్నారు. "నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఎవరూ ముట్టుకోరు" అని ప్రచారం. థెర్మోగ్రఫీ అంటే చర్మం మీది వేడి తేడాలను రంగుల్లో చూపించడం. గడ్డ చుట్టూ రక్తప్రసరణ పెరిగితే అక్కడ వేడి పెరగొచ్చు అన్నది దాని వెనక ఊహ. ఇప్పుడు దానికి కృత్రిమ మేధను జోడిస్తున్నారు. పరిశోధన చెయ్యండి, ఎవరు వద్దన్నారు? కానీ అమెరికా ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలో కూడా స్పష్టంగా హెచ్చరించింది: థెర్మోగ్రఫీ మామోగ్రఫీకి ప్రత్యామ్నాయం కాదు, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని క్యాన్సర్ లేదనుకోవద్దు అని.

మా పెద్దమ్మ ఇరవై ఏళ్లకు పైగా రోడ్లు ఊడ్చింది. రెండేళ్ల కింద వాళ్ల బస్తీ కమ్యూనిటీ హాల్లో ఇలాంటి క్యాంపు పెట్టారు. ఆమె కుడి రొమ్ములో అప్పటికే గడ్డ ఉంది. క్యాంపులో చెప్పింది కూడా. ఎవరూ తాకి చూడలేదు. కెమెరా ముందు కూర్చోబెట్టి, రంగుల బొమ్మ ఉన్న కాగితం చేతికిచ్చి, ముప్పు తక్కువని చెప్పి పంపారు. ఆ కాగితాన్ని ఆమె రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచుకుంది. నాలుగు నెలల తర్వాత పండక్కి పోయినప్పుడు నాకు చూపించింది.

"గడ్డ నొస్తలేదు బిడ్డా. నొయ్యనిదానికి దవాఖానెందుకు? గీ కాయితంల గూడ ఏం లేదన్నరు గద" అంది.

వారం తిరిగేలోపు అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, బయాప్సీ చేయించాను. క్యాన్సరే. రెండో దశ. ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఇప్పుడు బాగానే ఉంది.

చూడండి, ఆమెకు అవగాహన లేదా? ఒంట్లో గడ్డ ఉందని ఆమెకు తెలుసు. పరీక్షకు పోవాలని తెలుసు. పోయింది. నోరు తెరిచి చెప్పింది. కాగితం దాచుకుంది. అవగాహన ఉన్న మనిషి చెయ్యాల్సిన పనులన్నీ చేసింది. మొదట్లో నొప్పి లేని గడ్డలే క్యాన్సర్‌లో ఎక్కువని, గడ్డ తగిలినవాళ్లని ఏ రంగుల బొమ్మతోనూ ఇంటికి పంపకూడదని తెలియనిది క్యాంపు పెట్టినవాళ్లకు.

"ఎవరూ ముట్టుకోరు" అన్న ఆ ప్రచార వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగండి. వేరేవాళ్లకు అది మర్యాదగా, సుకుమారంగా వినిపించొచ్చు. మనకెలా వినిపిస్తుంది? తరతరాలుగా మనల్ని ముట్టుకోనివాళ్ల మధ్య బతికాం. ఇప్పుడు ముట్టుకోకపోవడాన్నే సౌకర్యంగా అమ్ముతున్నారు. మాకు ముట్టుకునే చెయ్యి కావాలి. నేర్చుకున్న చెయ్యి, తొందరపడని చెయ్యి, గడ్డ తగలగానే పక్క గదిలో అల్ట్రాసౌండ్‌కు పంపే చెయ్యి. ఉన్నవాళ్లకు డిజిటల్ మామోగ్రామ్, లేనివాళ్లకు వేడి కెమెరా. దీన్ని "అందుబాటు ధరలో సాంకేతికత" అంటున్నారు. రెండు గ్లాసుల పద్ధతిని కూడా హోటలువాడు అందుబాటనే అనుకుని ఉంటాడు.

*

తెలుగు పాఠం చెప్పి బతికేదాన్ని కాబట్టి భాష సంగతీ చెప్పాలి. మన ప్రబంధాల్లో రొమ్ము మీద ఉన్న పద్యాలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. బంగారు కుండలు, జక్కవ పిట్టలు, ఏనుగు కుంభస్థలాలు. నాయికా వర్ణన అని పరీక్షల్లో ప్రశ్న ఇస్తాం. అదే క్లాసులో "రొమ్ములో గడ్డ" అంటే మగపిల్లలు నవ్వుతారు, ఆడపిల్లలు తల దించుకుంటారు. వర్ణనకు పనికొచ్చిన అవయవం వైద్యం దగ్గరికి వచ్చేసరికి బూతు అయింది. జయప్రభ "పైటను తగలెయ్యాలి" అని కవిత రాస్తే గగ్గోలు పెట్టిన సాహిత్య లోకం ఇది.

"మన ఆడవాళ్లు సిగ్గుతో చూపించుకోరు" అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు ఒక చరిత్ర గుర్తుచెయ్యాలి. తిరువాంకూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే, 1859లో గానీ రాజు ప్రకటన రాలేదు. ఎవరి ఒళ్లు ఎప్పుడు కప్పాలో, ఎప్పుడు విప్పాలో పైవాళ్లే నిర్ణయించిన దేశంలో, సిగ్గును మా ఆడవాళ్ల లోపంగా రాయొద్దు. తలుపున్న గది, ఆడ నర్సు, శుభ్రమైన దుప్పటి ఇవ్వండి. సిగ్గు సంగతి మేం చూసుకుంటాం.

ఇక రిపోర్టు. లక్షణంగా పరీక్ష చేసిన చోట కూడా చేతికొచ్చేది ఇంగ్లిష్ కాగితం. దాని చివర "బైరాడ్స్" అని ఒక అంకె ఉంటుంది. ప్రాణం ఆ అంకెలో ఉంటుంది. దాన్ని తెలుగులో చెబుతున్నాను, మీ అమ్మలకు, అక్కలకు చెప్పండి.

సున్నా అంటే ఇంకా పరీక్షలు కావాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం. సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఇది బాగా గుర్తుంచుకోండి. ఒకటి అంటే అంతా మామూలే. రెండు అంటే ఏదో ఉంది గానీ హాని లేనిది. మూడు అంటే బహుశా హాని లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం రెండు శాతం లోపు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. నాలుగు అంటే అనుమానం, బయాప్సీ చెయ్యాలి. ఐదు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతం లేదా అంతకు మించి. ఆరు అంటే బయాప్సీలో ఇప్పటికే రుజువైంది.

ఏడు వాక్యాలు. ఏ ఆసుపత్రి అయినా కాగితం వెనక తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించొచ్చు. వెయ్యరు. ఆ తర్వాత మనకు అవగాహన లేదంటారు.

*

మన శిబిరం లోపలి మాటలకూ జవాబు చెప్పాలి.

ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, క్యాన్సర్‌కు కులముందా? అన్నింట్లోకీ కులం ఎందుకు తెస్తారు?" కణానికి కులం లేదు తమ్ముడూ. కణం బయటపడే రోజుకు ఉంది. అమెరికాలో నల్ల స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ తెల్ల స్త్రీల కంటే కొంచెం తక్కువగానే వస్తుంది. చావులు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. ఆ లెక్క వాళ్లకుంది కాబట్టి కొట్లాడారు. 2024లో అక్కడి నిపుణుల బృందం నలభై ఏళ్ల నుంచే రెండేళ్లకోసారి మామోగ్రామ్ చెయ్యాలని సిఫార్సు మార్చినప్పుడు నల్ల స్త్రీల చావుల ప్రస్తావన కూడా అందులో ఉంది. మన క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికల్లో వయసు పట్టిక ఉంటుంది, అవయవం పట్టిక ఉంటుంది, కులం పట్టిక ఉండదు. 2024లో ఇంటింటికీ తిరిగి కులగణన చేసిన రాష్ట్రం ఇది. రోగుల దగ్గర ఆ ఒక్క గడి నింపడం చేతకాదా?

ఇంకొక కామ్రేడ్ అన్నాడు: "మామోగ్రామ్ కార్పొరేట్ వ్యాపారం. రేడియేషన్‌తోనే క్యాన్సర్ వస్తుంది." వ్యాపారం ఉంది, కాదనను. అవసరం లేని పరీక్షలు, అవసరం లేని ఆపరేషన్లు ఉన్నాయి. వాటి మీద ప్రపంచమంతా చర్చ ఉంది. కానీ ఒక మామోగ్రామ్‌లో పడే రేడియేషన్ మన చుట్టూ ప్రకృతిలో ఉండే రేడియేషన్‌కు ఏడు వారాల మోతాదు అంత. అతిగా పరీక్షలు చేయించుకోవడం వల్ల నష్టపోయేంత పరీక్షలు మనకెప్పుడు దొరికాయి? తిండి ఎక్కువైనవాడి అజీర్తి మందు ఆకలిగొన్నవాడి నోట్లో పొయ్యొద్దు.

ఆ గులాబీ రిబ్బన్ కథ కూడా వినండి. 1990ల మొదట్లో అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆమె ఇంట్లో కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు చేసి పంచింది. వాటితో ఒక కార్డు కూడా ఇచ్చింది. క్యాన్సర్ బడ్జెట్‌లో నివారణకు పెడుతున్నది ఎంత తక్కువో ఆ కార్డులో రాసింది. ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ ఆ రిబ్బన్ అడిగితే వ్యాపారానికి ఇవ్వనంది. వాళ్లు రంగు మార్చి గులాబీ చేసుకున్నారు. రిబ్బన్ ఉండిపోయింది, బడ్జెట్ ప్రశ్న రాలిపోయింది. మనం చెయ్యాల్సింది ఆ రాలిపోయిన ప్రశ్నను తిరిగి తగిలించడమే.

*

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. పనులు అసలు జరగలేదని అనను. సికింద్రాబాద్ కిమ్స్‌లో ఉన్న ఉషాలక్ష్మి ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చేతి పరీక్షలు చేయించింది. 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్య మహిళ అని మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టింది. అంటే చెయ్యొచ్చు, చేతనవుతుంది. కానీ ఫౌండేషన్ పని నాలుగేళ్లది, ప్రభుత్వ పని నిత్యం ఉండాల్సింది. మంగళవారం పొద్దున రోడ్డు ఊడ్చే మా అక్క ఆ క్లినిక్‌కు పోతే ఆ రోజు కూలి ఎవరిస్తారు? గడ్డ తగిలితే అక్కడి నుంచి ఏ మెషిన్‌కు, ఏ తేదీకి పంపుతారు? ఆరోగ్యశ్రీని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ అది పట్టుకునేది జబ్బు తేలి ఆసుపత్రిలో చేరాక. గడ్డకూ, జబ్బు తేలడానికీ మధ్య ఉన్న దారిలోనే మనవాళ్లు పోతున్నారు.

కాబట్టి అడగాల్సింది ఇది:

ఒకటి. ముప్పై దాటిన ప్రతి మహిళకూ బస్తీ దవాఖానాలో, పారిశుద్ధ్య కార్మికులకు హాజరు వేసే చోటే, కూలి కోత లేకుండా చేతి పరీక్ష.

రెండు. గడ్డ తగిలినవాళ్లకు అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, బయాప్సీ ప్రభుత్వ ఆసుపత్రిలో, తేదీ రాసిచ్చి. 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఆ గడువును ఇక్కడ ఉత్తర్వుగా ఇవ్వాలి.

మూడు. ప్రతి రిపోర్టు సారాంశం తెలుగులో, ఉర్దూలో.

నాలుగు. గడ్డ ఉన్న మనిషికి వేడి కెమెరాతో "ఏమీ లేదు" అన్న కాగితం ఇవ్వడం నిషేధించాలి.

ఐదు. రోగుల లెక్క కులం వారీగా, దశ వారీగా ప్రచురించాలి.

స్టూడెంట్లకు ఒక పని. గాంధీ ఆసుపత్రికి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి, మీ మీ జిల్లా ఆసుపత్రులకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎన్ని మామోగ్రామ్ మెషిన్లు ఉన్నాయి? ఎన్ని నడుస్తున్నాయి? నెలకు ఎన్ని పరీక్షలు చేశారు? తేదీ కోసం ఎన్ని రోజులు ఆగాలి? ఎన్ని రేడియాలజిస్టు పోస్టులు ఖాళీ? పది రూపాయల ఫీజు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబులు చార్టులు చేసి, వచ్చే అక్టోబర్‌లో గులాబీ సభ జరిగే ప్రతి చోటా గేటు దగ్గర నిలబడి పంచుదాం.

చిలకలగూడలో పుట్టిన ఈశ్వరీబాయి, ఈ ఊరి సదాలక్ష్మి అసెంబ్లీలో నిలబడి పాలకుల్ని నిలదీసిన నేల ఇది. వాళ్లెవరూ మనకు అవగాహన లేదని తల దించుకోలేదు. మీకు బాధ్యత లేదని వేలెత్తి చూపించారు.

వచ్చే భాగంలో ఆ దరఖాస్తు నమూనా తెలుగులో పెడతాను. ఈలోగా ఒక పని చెయ్యండి. ఈ రాత్రి ఇంటికి పోయి మీ అమ్మను అడగండి, "అమ్మా, గడ్డ ఏమైనా తగులుతోందా?" అని. ఆ మాట నోటికి రావడం కష్టంగా ఉంటే, కుంభస్థలాల పద్యం ఎంత సులువుగా అప్పజెప్పామో గుర్తు తెచ్చుకోండి.

జై భీమ్.